కాలిన గాయాల నుంచి కోలుకునే దశలో మానసిక స్వస్థత: గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గాయం మానితే రోగి కోలుకున్నట్లేనన్న భావన కుటుంబాల్లోనూ ఆసుపత్రుల్లోనూ బలంగా ఉంది. కాని కాలిన గాయాల విషయంలో చర్మం అతుక్కున్న తర్వాత కూడా నిద్రలేమి, పీడకలలు, నిరాశ, రూపం మారిందన్న వేదన, నలుగురిలోకి వెళ్ళడానికి సంకోచం చాలాకాలం వెంటాడుతాయి. ఈ వేదన ఎంత శాతం శరీరం కాలిందన్న లెక్కను బట్టి మాత్రమే ఉండదు. నొప్పి నియంత్రణ, కుటుంబ ఆదరణ, ఉపాధి, ఇరుగుపొరుగు ప్రవర్తన దాని తీవ్రతను చాలావరకు నిర్ణయిస్తాయి. 2014 నాటి నగరం గ్యాస్ పైపులైను ప్రమాదం, బాణసంచా తయారీ కేంద్రాల్లో పేలుళ్ళు, ఇళ్ళలో జరిగే వంటగది ప్రమాదాలు నేపథ్యంగా గోదావరి డెల్టాలో ఈ సమస్య స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. రోగి ఇంటికి చేరిన తర్వాతి మొదటి ఏడాది మానసికంగా అత్యంత కీలకమైనదని, వైద్య సహాయం పలచబడేది కూడా అప్పుడేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాలిన గాయాలు, మానసిక స్వస్థత, గోదావరి డెల్టా, నగరం ప్రమాదం, పునరావాసం, దేహరూప భావన, కుటుంబ ఆదరణ.

1. ఉపోద్ఘాతం

కాలిన గాయం ఇతర గాయాల వంటిది కాదు. ఎముక విరిగితే కట్టు విప్పిన తర్వాత ఆనవాలు పెద్దగా కనిపించదు. కాలిన గాయం మానినా మచ్చగా మిగిలి ఆ ప్రమాదాన్ని ప్రతిరోజూ గుర్తుచేస్తుంది. అద్దంలో చూసుకున్నప్పుడు రోగికి, వీధిలో ఎదురైనప్పుడు ఇతరులకు ఆ మచ్చే ముందుగా కనబడుతుంది. చర్మం శరీరానికి రక్షణ కవచం మాత్రమే కాదు. స్పర్శకు, ఆప్యాయతకు, సామాజిక గుర్తింపుకు కూడా అదే ఆధారం. అందుచేత చర్మానికి తగిలిన దెబ్బ వ్యక్తి తనను తాను చూసుకునే తీరును మార్చివేస్తుంది.

భారతదేశంలో ఏటా సుమారు 70 లక్షల మంది కాలిన గాయాలకు గురవుతున్నారని, వారిలో సుమారు 1.4 లక్షల మంది మరణిస్తున్నారని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ అంచనాలు చెబుతున్నాయి. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడాను గమనించాలి. గాయపడినవారిలో అత్యధికులు బతుకుతున్నారు. బతికినవారి జీవితం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఈ లెక్కల్లో సమాధానం దొరకదు. ఆ ప్రశ్నను గోదావరి డెల్టా పరిస్థితులకు అన్వయించి చూడడమే ఈ వ్యాస లక్ష్యం.

2. వైద్యశాస్త్రంలో మనోగాయం: చారిత్రక నేపథ్యం

కాలిన గాయాల మానసిక పర్యవసానాలపై క్రమబద్ధమైన అధ్యయనం ఒక మహా విషాదం తర్వాత ఊపందుకుంది. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే విందుశాలలో మంటలు చెలరేగి 492 మంది మరణించారు. బతికి బయటపడినవారిని స్టాన్లీ కాబ్, ఎరిక్ లిండెమన్ అనే వైద్యులు పరిశీలించి 1943లో తమ పరిశీలనలను ప్రకటించారు. అదే ఏడాది అలెగ్జాండ్రా ఆడ్లర్ కూడా ఆ ప్రమాద బాధితులపై వేరుగా అధ్యయనం వెలువరించారు. శరీర గాయాలు మానిన తర్వాత కూడా భయం, నిద్రలేమి, తామే బతికామన్న అపరాధభావం కొందరిని నెలల తరబడి వదలలేదని ఈ అధ్యయనాల ద్వారా తెలిసింది. ఆప్తులను కోల్పోయినవారి దుఃఖ లక్షణాలపై లిండెమన్ 1944లో ప్రకటించిన వ్యాసం నేటికీ దుఃఖ అధ్యయనాలకు మూలగ్రంథం వంటిది. ఈ రకమైన వేదనకు 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం తన వ్యాధి వర్గీకరణలో ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అన్న పేరుతో స్థానం కల్పించింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలోనే ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పట్టణంలో మరో ముఖ్యమైన ప్రయోగం జరిగింది. విమానాల్లో కాలిపోయిన వైమానిక సైనికులకు శస్త్రచికిత్స చేసిన ఆర్చిబాల్డ్ మెకిండో, వారిని ఆసుపత్రి గోడల మధ్యనే ఉంచకుండా ఊరిలోకి పంపారు. వారిని వింతగా చూడవద్దని, ఇళ్ళకు పిలవాలని పట్టణవాసులను కోరారు. 1941లో ఆ రోగులు తమలో తాము ఒక సంఘం ఏర్పరచుకొని, ప్రయోగశాల జంతువైన గినీ పిగ్ పేరును దానికి సరదాగా పెట్టుకున్నారు. ఆ ఊరికి ‘తేరిపార చూడని పట్టణం’ అన్న పేరు వచ్చింది. ముఖాలను తిరిగి తీర్చడం శస్త్రవైద్యుని పని కాగా, ఆ ముఖాలతో బతికే ధైర్యాన్ని ఇచ్చినది ఊరు. ఈ వ్యాసంలోని వాదనకు ఇది ముఖ్యమైన ఆధారం.

1970లో యుగోస్లావియాకు చెందిన జోరా జాంజెకోవిచ్, కాలిన కణజాలాన్ని తొలి రోజుల్లోనే పొరలుపొరలుగా తొలగించి వెంటనే చర్మం అతికించే పద్ధతిని వివరించారు. ఇటువంటి మార్పుల వల్ల తీవ్రంగా కాలినవారు కూడా బతకడం పెరిగింది. అప్పటి నుంచి ‘రోగి బతుకుతాడా’ అన్న ప్రశ్నతోపాటు ‘ఎలా బతుకుతాడు’ అన్న ప్రశ్న కూడా వైద్యుల ముందు నిలిచింది. కాలిన గాయాల బాధితుల జీవన నాణ్యతను కొలిచేందుకు 1980ల నుంచి ప్రత్యేక ప్రశ్నావళులు రూపొందాయి. చేతుల కదలిక, వేడిని తట్టుకునే శక్తి, దేహరూప భావన, భావోద్వేగాలు, సంబంధాలు, దాంపత్యం, ఉద్యోగం వంటి అంశాలు వాటిలో చేరాయి.

3. గోదావరి డెల్టాలో అగ్నిప్రమాదాల స్వరూపం

గోదావరి డెల్టాలో కాలిన గాయాలకు మూడు ప్రధాన నేపథ్యాలు కనిపిస్తాయి. మొదటిది సహజవాయువు, చమురు పరిశ్రమ. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య, ఇళ్ళ పక్క నుంచి, పంటచేల కింద నుంచి పైపులైన్లు సాగుతాయి. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలో ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ పైపులైను నుంచి వెలువడిన గ్యాస్ అంటుకొంది. జనం ఇంకా ఇళ్ళలో ఉన్న వేళ అది. ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. చికిత్స పొందుతూ మరణించినవారితో కలిపి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. క్షతగాత్రులను అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు తరలించారు. 2022 జిల్లాల పునర్విభజన తర్వాత ఈ గ్రామం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉంది.

రెండవది బాణసంచా తయారీ. 2014 అక్టోబరులో, దీపావళికి ముందు, కాకినాడ సమీపంలోని వాకతిప్ప గ్రామంలో బాణసంచా కేంద్రం పేలి పదిమందికి పైగా మరణించారు. వారిలో కూలి పనికి వచ్చిన మహిళలే ఎక్కువ. 2025 అక్టోబరులో రాయవరం మండలంలో మరో బాణసంచా కేంద్రంలో ఇటువంటి విషాదమే జరిగింది. ఈ ప్రమాదాల్లో గాయపడేవారు సాధారణంగా రోజుకూలీలు. సెలవు జీతం, బీమా వంటి రక్షణలు వారికి అందడం అరుదు.

మూడవది ఇల్లు. వార్తల్లోకి రాకపోయినా ఏడాది పొడవునా జరిగేవి ఇంటి ప్రమాదాలే. గంజి వార్చేటప్పుడు ఒలకడం, పిల్లలు వేడినీళ్ళ బకెట్టులో పడడం, పొయ్యి నుంచి చీరకొంగుకు నిప్పంటుకోవడం, గ్యాస్ సిలిండరు లీకు, వేసవిలో తాటాకు ఇళ్ళు తగలబడడం ఈ కోవలోనివి. గృహహింస, ఆత్మహత్యాయత్నం కూడా కొన్నిసార్లు ‘వంటచేస్తుండగా’ అన్న మాట చాటున దాగి ఉంటాయి.

ఈ మూడు నేపథ్యాల్లో మనోవేదన ఒకేలా ఉండదు. పైపులైను ప్రమాదంలో ఊరంతా బాధితురాలే కనుక దుఃఖాన్ని పంచుకునే అవకాశం కొంత ఉంటుంది. అయితే ఇంట్లో పలువురు ఒకేసారి గాయపడితే ఒకరినొకరు ఓదార్చుకునే శక్తి ఎవరికీ మిగలదు. బాణసంచా ప్రమాదంలో జీవనోపాధి, ప్రాణభయం ఒకే చోట ముడిపడి ఉంటాయి. ఇంటి ప్రమాదంలో బాధితురాలు తరచుగా ఒంటరి. పైగా ‘అజాగ్రత్త’ అన్న నింద ఆమె మీదనే పడుతుంది.

4. కోలుకోవడంలో దశలు, మానసిక స్థితి

4.1 ప్రాణాపాయ దశ

మొదటి రోజుల్లో వైద్యుల దృష్టి శ్వాస, ద్రవాల భర్తీ, ఇన్ఫెక్షన్ నివారణ మీద ఉంటుంది. ఈ దశలో రోగికి స్థలకాలాలు తెలియని అయోమయం, లేనివి కనిపించడం, రాత్రీపగలూ తారుమారు కావడం జరగవచ్చు. కుటుంబసభ్యులు దీనిని ‘దడుచుకున్నాడు’ అనో ‘గాలి సోకింది’ అనో అర్థం చేసుకుంటారు. నిజానికి ఇన్ఫెక్షన్, జ్వరం, లవణాల అసమతుల్యత, మందుల ప్రభావం దీనికి కారణాలు కావచ్చు. తేదీ, సమయం, ఉన్న చోటు పదేపదే చెప్పడం, పరిచితమైన గొంతు వినిపించడం రోగికి ఆధారమవుతాయి. ఈ విషయాన్ని కుటుంబానికి నాలుగు మాటల్లో వివరించినా వారి భయం చాలావరకు తగ్గుతుంది.

అదే ప్రమాదంలో ఆప్తులు మరణించి ఉంటే ఆ వార్త ఎప్పుడు చెప్పాలన్నది ఈ దశలో ఎదురయ్యే కఠినమైన ప్రశ్న. తట్టుకోలేరన్న భయంతో బంధువులు దాచిపెట్టడం మామూలు. కాని అంత్యక్రియలు, దశదిన కర్మలు ముగిసిన తర్వాత ఆ విషయం తెలిసిన రోగికి కడసారి చూపు దక్కలేదన్న బాధ జీవితాంతం మిగులుతుంది. రోగి మాటలు అర్థం చేసుకునే స్థితికి వచ్చాక, అతనికి దగ్గరివారి సమక్షంలో, వైద్యుని సహకారంతో, అడిగినంత మేరకు నిజం చెప్పడం మేలైన మార్గం.

4.2 వార్డులో గడిపే దశ

ప్రాణాపాయం తప్పిన తర్వాత కట్టు మార్చడం రోగి దినచర్యలో భాగమవుతుంది. కాలిన గాయాల చికిత్సలో అత్యంత బాధాకరమైన ఘట్టం ఇదే. రోజూ అదే వేళకు అదే నొప్పి పునరావృతం కావడంతో కట్టు సామగ్రి బండి చప్పుడు వినగానే గుండెదడ మొదలయ్యే రోగులుంటారు. అదుపులో లేని నొప్పికీ, తర్వాతి కాలంలో తలెత్తే ఆఘాతానంతర ఒత్తిడికీ సంబంధం ఉన్నట్లు పలు అధ్యయనాలు సూచించాయి. కనుక నొప్పి మందు సకాలంలో ఇవ్వడం మానసిక చికిత్సలో కూడా తొలి మెట్టు. ‘ఓర్చుకోవాలి’ అన్న సలహా చికిత్స కాదు.

రోగికి కొంత నియంత్రణ ఇవ్వడం మరో ఉపాయం. ఏ చేతికి ముందు కట్టు విప్పాలి, ఎప్పుడు రెండు నిమిషాలు ఆగాలి అన్నవి రోగి చెప్పగలిగితే నిస్సహాయత తగ్గుతుంది. అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్ బృందం మంచులోకాన్ని కళ్ళముందు నిలిపే మాయాదృశ్య ఆటను కట్టు మార్చే సమయంలో ఉపయోగించి, రోగులు చెప్పే నొప్పి తగ్గినట్లు చూపింది. ఆ పరికరాలు లేనిచోట కూడా దాని వెనుకనున్న సూత్రం వర్తిస్తుంది: మనసు వేరొకచోట లగ్నమైతే నొప్పి కొంత మరుగున పడుతుంది. పిల్లలకు కథ, పెద్దలకు ఇష్టమైన పాట ఆ పని కొంతవరకు చేయగలవు.

ఆహారం కూడా మనోస్థితితో ముడిపడినదే. పెద్దగా కాలిన శరీరానికి మాంసకృత్తులు, శక్తి మామూలుకన్నా ఎక్కువగా అవసరం. అయితే పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకంతో తెలుగు ఇళ్ళలో పథ్యం పేరిట పప్పు, గుడ్డు, మాంసం మాన్పించే అలవాటు ఉంది. పోషణ లోపించిన రోగిలో నీరసం, నిరాసక్తత పెరుగుతాయి. గాయం మానడం ఆలస్యమై నిరాశ మరింత ముదురుతుంది. పథ్యం విషయంలో ఇంటి పెద్దలను ఒప్పించడం మానసిక స్వస్థతకు కూడా తోడ్పడుతుంది.

ముఖం కాలినవారు తొలిసారి అద్దం చూసుకోవడం ఈ దశలో మరో ముఖ్య ఘట్టం. అనుకోకుండా కిటికీ గాజులోనో సెల్‌ఫోను తెరలోనో తమ ముఖం కంటపడితే కలిగే ఆఘాతం తీవ్రమైనది. ముందుగా చెప్పి, ప్రస్తుత వాపు, ఎరుపు రంగు శాశ్వతం కావని వివరించి, తోడుగా నిలబడి చూపించడం అవసరం.

4.3 ఇంటికి చేరిన తర్వాత

ఆసుపత్రి నుంచి పంపించే రోజు కుటుంబానికి పండుగ వంటిది. మానసికంగా రోగికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. వార్డులో అందరూ కాలినవారే కనుక అక్కడ తాను ప్రత్యేకం కాదు. ఇంటికి వచ్చాక తానొక్కడే భిన్నంగా కనిపిస్తాడు. పరామర్శకు వచ్చినవారు ‘ఎలా ఉండేవాడివి, ఎలా అయిపోయావు’ అనడం ఓదార్పుగానే మొదలై గాయంగా మారుతుంది. పీడకలలు, చిన్న మంట చూసినా ఉలికిపాటు, వంటగదిలోకి వెళ్ళలేకపోవడం, అకారణ కోపం, జనానికి దూరంగా ఉండడం ఈ దశలో కనిపిస్తాయి. ఒక నెల దాటినా ఇవి తగ్గకుండా రోజువారీ పనులకు అడ్డుపడితే మనోవైద్య సహాయం తప్పనిసరి.

డెల్టా వాతావరణం ఈ దశను మరింత కష్టతరం చేస్తుంది. అతికించిన చర్మంలో స్వేదగ్రంథులు పనిచేయవు. పెద్ద విస్తీర్ణంలో కాలినవారికి వేడిని తట్టుకోవడం కష్టం. ఉబ్బెత్తు మచ్చలు రాకుండా బిగుతు దుస్తులను రోజులో ఇంచుమించు 23 గంటలు, నెలల తరబడి ధరించాలి. తీరప్రాంతపు ఉక్కపోతలో, రాజమహేంద్రవరం ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. దురద రాత్రి నిద్రను చెడగొడుతుంది. నిద్రలేమి దిగులును పెంచుతుంది. బిగుతు దుస్తులు విప్పేసినవారిని నిర్లక్ష్యం చేశారని నిందించే ముందు ఈ పరిస్థితిని అర్థం చేసుకోవాలి.

ఉపాధి మరో చిక్కు. వరి ఊడ్పులు, కోతలు, కొబ్బరి దింపు, రొయ్యల చెరువుల పని, ఇటుక బట్టీల పని ఎండలోనో నీటిలోనో వేడిలోనో చేసేవి. చేతివేళ్ళు ముడుచుకుపోయిన దింపు కార్మికుడు చెట్టెక్కలేడు. సంపాదించే మనిషి ఇంట్లో కూర్చోవలసి రావడం, భార్యాబిడ్డల మీద ఆధారపడ్డానన్న న్యూనత పురుష రోగుల్లో కుంగుబాటుకు, మద్యపానానికి దారితీసే ప్రమాదం ఉంది.

దూరం కూడా సమస్యే. నగరం గ్రామం నుంచి కాకినాడకు వెళ్ళాలంటే వైనతేయ, గౌతమి పాయలు రెండూ దాటాలి. ఫిజియోథెరపీకి వారానికి రెండుమూడుసార్లు రావాలంటే తోడుగా వచ్చేవారి కూలి కూడా పోతుంది. రాకపోకలు తగ్గేకొద్దీ కీళ్ళు బిగుసుకుంటాయి, పని మరింత దూరమవుతుంది, దిగులు స్థిరపడుతుంది. శారీరక పునరావాసం ఆగిపోవడమూ మానసిక క్షీణతా ఇలా ఒకదానిని మరొకటి పెంచుకుంటూ పోతాయి.

5. గాయ విస్తీర్ణం వేదనకు కొలమానమా?

పెద్దవారిలో కాలిన విస్తీర్ణాన్ని తొమ్మిది శాతాల సూత్రంతో అంచనా వేస్తారు: తల 9 శాతం, ఒక్కొక్క చేయి 9 శాతం, ఒక్కొక్క కాలు 18 శాతం ఇత్యాదిగా. ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి ఈ లెక్క ఎంతో ఉపయోగకరం. అయితే మనోవేదనకు దీనిని కొలమానంగా తీసుకోలేము. 10 శాతం లోపు కాలినా ముఖం, చేతులు, రొమ్ము, జననాంగాల వంటి చోట్ల కాలినవారు తీవ్రంగా కుంగిపోవచ్చు. అంతకు అనేక రెట్లు కాలినవారు కుటుంబ ఆదరణతో నిలదొక్కుకోవచ్చు. దుస్తుల మాటున ఉండే మచ్చలు ఇతరులకు కనబడకపోయినా దాంపత్య జీవితంలో సంకోచాన్ని కలిగిస్తాయి. ప్రమాదానికి ముందున్న మానసిక ఆరోగ్యం, ఆప్తుల మరణం, ఆర్థిక స్థితి, ప్రమాద కారణం, తనకు ఆదరణ ఉందన్న నమ్మకం ఎక్కువ ప్రభావం చూపుతాయి. కనుక ‘చిన్న గాయమే కదా’ అన్న మాటతో మానసిక పరీక్షను దాటవేయరాదు.

6. స్త్రీలు, పిల్లలు, సంరక్షకులు

కాలిన స్థితిలో ఆసుపత్రికి వచ్చే కేసులు సాధారణంగా పోలీసుల దృష్టికి వెళ్తాయి. పరిస్థితి విషమంగా ఉంటే వాంగ్మూలం నమోదు చేస్తారు. అత్తవారి మనుషులు మంచం పక్కనే ఉన్నప్పుడు, బయట పిల్లలు వారి చేతుల్లోనే ఉన్నప్పుడు, చికిత్స ఖర్చు వారే భరిస్తున్నప్పుడు వివాహిత ఏమి చెప్పగలదన్నది ఆలోచించవలసిన విషయం. నిజం చెప్పలేక బతికిన స్త్రీ అదే ఇంటికి తిరిగి వెళ్ళవలసి వస్తే ఆమెకు గతస్మృతి మాత్రమే కాదు, వర్తమానం కూడా భయమే. అటువంటప్పుడు మానసిక చికిత్సకన్నా ముందు భద్రత అవసరం. ఆమెతో ఏకాంతంగా మాట్లాడే ఏర్పాటు వైద్యసిబ్బంది కనీస బాధ్యత. ఆత్మహత్యకు యత్నించి బతికినవారి విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను తీవ్రమైన ఒత్తిడి ఉన్నట్లు భావించాలని, వారికి సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదని స్పష్టం చేస్తుంది.

పిల్లల్లో వేదన మాటల్లో కాక ప్రవర్తనలో వ్యక్తమవుతుంది. పక్క తడపడం, తల్లిని వదలకపోవడం, ఆటలో మళ్ళీమళ్ళీ అగ్నిప్రమాదాన్నే ఆడడం దాని సూచనలు. బడికి తిరిగి వెళ్ళే రోజుకు ముందే ఉపాధ్యాయుడు తరగతి పిల్లలకు జరిగినది సరళంగా చెప్పి, ఆ మచ్చ అంటుకునేది కాదని వివరిస్తే వెక్కిరింతలు చాలావరకు తగ్గుతాయి. ఎదిగే పిల్లల్లో మచ్చ శరీరంతోపాటు పెరగదు కనుక తర్వాతి ఏళ్ళలో మళ్ళీ శస్త్రచికిత్సలు అవసరం కావచ్చు. ప్రతిసారీ పాత భయం తిరగబెట్టవచ్చు.

సంరక్షకుల్లో తల్లుల అపరాధభావం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ‘ఒక్క క్షణం చూడలేదు’ అన్న తలంపు తల్లిని ఏళ్ళ తరబడి బాధిస్తుంది. పిల్లవాడికి ఇచ్చే సలహా సమయంలో కొంత తల్లికి కూడా కేటాయించాలి.

7. వేదనను చెప్పుకునే భాష

మానసిక పరీక్షకు వాడే ప్రశ్నావళులు చాలావరకు ఆంగ్లంలో రూపొందినవే. వాటి అనువాదాల్లో కనిపించే ‘వ్యాకులత’, ‘నిస్పృహ’ వంటి పదాలు కోనసీమ లంక గ్రామంలోని వ్యవసాయ కూలీ నోట వినబడవు. అతడు దిగులు, బెంగ, చిరాకు, దడ, కునుకు పట్టకపోవడం, మనసు మనసులో లేకపోవడం గురించి చెబుతాడు. పిల్లవాడు ‘బెంగ పెట్టుకున్నాడు’ అన్న తల్లిమాటలో వియోగ దుఃఖం, ఆకలి మందగించడం, నీరసం అన్నీ కలిసి ఉంటాయి.

‘మంట’ అన్న పదం మరీ జాగ్రత్తగా వినవలసినది. తెలుగులో అది నిప్పుకూ, గాయపు నొప్పికీ, కోపానికీ, అసూయకూ, దుఃఖానికీ వాడుకలో ఉన్న మాట. రోగి ‘ఇంకా మంటగానే ఉంది’ అన్నప్పుడు అది నరాల నొప్పా, పరిహారం రాలేదన్న ఆక్రోశమా, పోయినవారి గురించిన శోకమా అన్నది మరో ప్రశ్న అడిగితేనే తెలుస్తుంది. భాషాశాస్త్రం, మనోవైద్యం కలిసి పనిచేయగల పరిశోధన క్షేత్రమిది. గోదావరి జిల్లాల మాండలికంలో దుఃఖ, భయ వాచకాల సేకరణ, వాటి ఆధారంగా ప్రశ్నావళుల సవరణ తెలుగు శాఖల పరిశోధకులు చేపట్టదగిన పని. పొరుగు రాష్ట్రాల నుంచి పనికి వచ్చి గాయపడినవారికి ఈ భాషాసమస్య మరింత జటిలం. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలోని రసాయన పరిశ్రమ అగ్నిప్రమాదంలో మరణించినవారిలో బీహార్ కార్మికులు కూడా ఉన్నారు. సొంత భాషలో పలకరించేవారు లేని వార్డులో గాయపడిన మనిషి ఒంటరితనం ఊహకందనిది కాదు.

8. చట్టం, పరిహారం, మానసిక నష్టం

పరిహార విధానాల్లో మరణానికి ఒక వెల, తీవ్ర గాయానికి ఒక వెల, స్వల్ప గాయానికి ఒక వెల నిర్ణయమవుతాయి. మనోగాయం ఈ వర్గీకరణలో చాలావరకు కనబడదు. ‘స్వల్ప గాయం’ కింద నమోదైన వ్యక్తి ఆ తర్వాత రెండేళ్ళు నిద్రపోలేకపోయినా ఆ నష్టం లెక్కలోకి రాదు.

యాసిడ్ దాడి బాధితుల విషయంలో న్యాయవ్యవస్థ ముందడుగు వేసింది. లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013లో కనీసం 3 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని, 2015లో ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచిత చికిత్స అందించాలని ఆదేశించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో యాసిడ్ దాడి బాధితులకు స్థానం లభించింది. అయితే నిప్పు వల్ల ముఖం వికృతమైనవారికి ఆ చట్టంలో ప్రత్యేక వర్గం లేదు. అవయవాల కదలిక దెబ్బతింటేనే వారు చలన వైకల్యం కింద ధ్రువపత్రం పొందగలరు. సమాజంలో ఇద్దరూ ఎదుర్కొనే చూపు ఒకటే. చట్టం దృష్టిలో మాత్రం తేడా ఉంది.

పరిహారం మనసుపై చూపే ప్రభావం మరొకటి. సకాలంలో అందిన పరిహారం జరిగినది అన్యాయమేనన్న సామాజిక గుర్తింపుగా పనిచేస్తుంది. కార్యాలయాల చుట్టూ తిరుగుతూ ప్రమాదాన్ని పదేపదే చెప్పుకోవలసి వస్తే అది గాయాన్ని రేపడమే అవుతుంది. గ్యాస్ ప్రాంతాల్లో ఇంకొక విశేషముంది. ప్రమాద కారణం ఊరు విడిచిపోదు. 2020 ఫిబ్రవరిలో కాట్రేనికోన మండలం ఉప్పూడిలో గ్యాస్ లీకై గ్రామస్థులను ఖాళీ చేయించిన వంటి సంఘటనలు, అంతకుముందు కాలినవారికి వార్తగా కాక పునరనుభవంగా తోచే అవకాశం ఉంది. పైపులైన్ల భద్రతపై పారదర్శకమైన సమాచారం ఇవ్వడం కూడా ఇక్కడ మానసిక ఆరోగ్య చర్యే.

9. ఆచరణీయ మార్గాలు

పై పరిశీలన ఆధారంగా, ఉన్న వనరులతోనే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఇంటికి పంపే ముందు ప్రతి రోగికీ నిద్ర, భయం, నిరాశ, ఆత్మహత్య ఆలోచనలపై కొద్ది ప్రశ్నలతో తొలి పరీక్ష జరపడం. ఒక నెల, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది గడిచాక దానిని పునరావృతం చేయడం. రెండవది, ఈ తదుపరి పరీక్షను రోగి ఊరికే తీసుకువెళ్ళడం. 1996లో దేశంలో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉద్దేశమే సేవలను పెద్దాసుపత్రి నుంచి జిల్లాల్లోకి విస్తరించడం. ఆశా కార్యకర్తలు కాలిన గాయాల రోగిని ఏ లక్షణాలు కనిపిస్తే వైద్యుని వద్దకు పంపాలో తెలుసుకోగలిగితే రెండు నదీపాయలు దాటవలసిన అవసరం కొంత తగ్గుతుంది. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులో కూడా అందుబాటులో ఉంది. ఆసుపత్రి ఇచ్చే చీటీపై ఆ సంఖ్య ముద్రించడానికి అదనపు ఖర్చేమీ లేదు.

మూడవది, తోటివారి ఆసరా. అమెరికాలో 1977లో అలన్ బ్రెస్లా ఆరంభించిన ఫీనిక్స్ సొసైటీ, బ్రిటన్‌లో 1992లో జేమ్స్ పార్ట్రిడ్జ్ స్థాపించిన చేంజింగ్ ఫేసెస్ సంస్థ కాలిన గాయాల నుంచి బతికినవారు నెలకొల్పినవే. ఇప్పటికే కోలుకొని పనిలోకి వెళ్ళిన వ్యక్తి వార్డుకు వచ్చి కొత్త రోగి పక్కన కూర్చుంటే, వైద్యుడు చెప్పలేని నమ్మకం ఆ రాకలో ఉంటుంది. డెల్టాలో బలంగా ఉన్న మహిళా స్వయంసహాయక సంఘాలు దీనికి సహజమైన వేదిక కాగలవు. నాలుగవది, పనిలోకి పునఃప్రవేశం. ఎండలో పనిచేయలేనివారికి నీడపట్టున చేయగల పనుల్లో శిక్షణ, ఉపాధి హామీ పనుల్లో తేలికపాటి బాధ్యతలు ఇవ్వవచ్చు.

అయిదవది ఊరి బాధ్యత. పరామర్శకు వెళ్ళేవారు గాయాన్ని చూపించమనకుండా, కారణం తరచి అడగకుండా, మునుపటిలాగే పేరుపెట్టి పలకరించడం, శుభకార్యాలకు పిలవడం, పెళ్ళి సంబంధాల మాటల్లో మచ్చను లోపంగా ఎంచకపోవడం. వీటిని ఏ ఆసుపత్రీ అందించలేదు.

10. ముగింపు

కాలిన గాయాల నుంచి కోలుకోవడం అంటే కేవలం చర్మం అతుక్కోవడం కాదు. వ్యక్తి తన ఇంటికి, పనికి, ఊరికి, తన రూపానికి తిరిగి చేరుకోవడం. ప్రాణాపాయ దశలో అయోమయం, వార్డులో నొప్పి, భయం, ఇంటి వద్ద దిగులు, ఏకాకితనం వేర్వేరు సమస్యలు. వాటికి వేర్వేరు సమయాల్లో వేర్వేరు సహాయం కావాలి. గోదావరి డెల్టాలో పరిశ్రమ ప్రమాదాలూ ఇంటి ప్రమాదాలూ కొనసాగుతున్నంతకాలం ఈ సహాయం అత్యవసర వైద్యంలో అంతర్భాగం కావాలి. నగరం వంటి ఘటనల్లో మృతుల సంఖ్య నమోదయింది. బతికినవారు పదేళ్ళ తర్వాత ఎలా ఉన్నారన్న దీర్ఘకాలిక అధ్యయనాన్ని వైద్య, మనోవిజ్ఞాన, తెలుగు, సామాజికశాస్త్ర శాఖలు కలిసి చేపట్టవలసి ఉంది. అటువంటి అధ్యయనం తర్వాతి ప్రమాదంలో కాలినవారికి మొదటి రోజు నుంచే దారి చూపగలదు.